దండారి రోజుల్లో హాజరు పట్టీ

తెలంగాణలో దసరా సెలవులు ముగిసి బడులు తెరిచే రోజులకూ, ఆదిలాబాద్ అడవుల్లోని గోండు గూడేల్లో దండారి పండుగ మొదలయ్యే రోజులకూ మధ్య ఎడం చాలా తక్కువ. ఆశ్వయుజ పౌర్ణమి దాటాక తమ దేవత ఏత్మాసూర్ పేన్‌కు పూజలు చేసి, వాద్యాలను బయటికి తీసి, నెమలి పింఛాల టోపీలు ధరించిన గుస్సాడీ నర్తకులతో ఊరంతా కదులుతుంది. ఒక గూడెం మరొక గూడేనికి అతిథిగా వెళ్లడం, అక్కడ రాత్రంతా ఆడి పాడడం, పెళ్లి సంబంధాలు మాట్లాడుకోవడం, పాత తగవులు తీర్చుకోవడం దీపావళి దాకా సాగి కొలాబోడి అనే పూజతో ముగుస్తుంది. ఆ రోజుల్లో బడిలోని హాజరు పట్టీ నిండా గైర్హాజరు గుర్తులే కనిపిస్తాయి. కొన్ని సంవత్సరాల్లో అర్ధ సంవత్సర పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే వచ్చి పడతాయి. ఆ పట్టీని పైనుంచి చూసే అధికారికి అది పిల్లలకు చదువు మీద ఆసక్తి లేకపోవడంగానో, తల్లిదండ్రుల నిర్లక్ష్యంగానో కనిపిస్తుంది. నిజానికి ఆ పిల్లలు తమ సమాజంలో ఏడాది మొత్తానికీ ముఖ్యమైన పాఠం దగ్గర హాజరై ఉన్నారు. గైర్హాజరైనది బడి క్యాలెండరు.

ఉట్నూరు ఏజెన్సీలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నాకు, సాంస్కృతిక అవగాహన అనే మాట శిక్షణ తరగతుల్లో వినిపించినప్పుడల్లా ఈ హాజరు పట్టీ గుర్తుకు వస్తుంది. ఎదుటివారి ఆచారాలను గౌరవించాలి, వారి పలకరింపులు నేర్చుకోవాలి, వారి ఆహారాన్ని చిన్నచూపు చూడకూడదు అని ఆ తరగతుల్లో చెబుతారు. ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ ఉద్యోగి ఎంత మర్యాదగా ప్రవర్తించినా, అతను పనిచేసే వ్యవస్థ తన వేళలను, కాగితాలను, సమావేశాలను మైదాన ప్రాంతపు పద్ధతిలోనే ఉంచుకుంటే ఆ మర్యాద గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అసలు మారవలసింది మనిషి నడవడిక ఒక్కటే కాదు, కార్యాలయం నడిచే తీరు కూడా అని నేను నమ్ముతాను. ఈ నమ్మకానికి ఆధారం ఇదే నేల మీద, ఎనిమిది దశాబ్దాల కిందటే ఉంది. జైనూరు మండలంలోని మార్లవాయి అనే చిన్న ఊరిలో అది ఒకసారి జరిగి చూపించింది.

1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమ్ నిజాం పోలీసుల తుపాకులకు బలైన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం హైదరాబాదు ప్రభుత్వానికి కలిగింది. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పటికి హైదరాబాదు సంస్థానంలోనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శత్రుదేశపు పౌరుడిగా లెక్కకు రావడం వల్ల ఆయన కదలికలు ఆ సంస్థానం ఎల్లలకే పరిమితమయ్యాయి. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్యనే నివసించారు. గోండీ నేర్చుకున్నారు. భూములు ఎలా చేతులు మారాయో, అటవీ సరిహద్దులు గీసినప్పుడు ఎవరి పోడు ఎక్కడ పోయిందో ఊరూరా తిరిగి రాసుకున్నారు. ఆయన నివేదికల ఫలితంగా లక్షకు పైగా ఎకరాలకు గోండులకు, కొలాములకు పట్టాలు వచ్చాయి. చదువు కథ ఆ తరువాతిదే. భూమి దక్కుతుందన్న భరోసా కుదిరిన తరువాతే పిల్లలను బడికి పంపడం మీద ఆసక్తి పెరిగిందని నేను అర్థం చేసుకున్నాను. ఈ క్రమాన్ని మనం తరచుగా తలకిందులు చేస్తాం.

1943లో మార్లవాయిలో మొదలైన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. బయటి నుంచి చదువుకున్న పంతుళ్లను తీసుకువచ్చి వారికి గోండుల ఆచారాలు నేర్పడం సులువైన మార్గంగా కనిపించి ఉండవచ్చు. వాళ్లు దానిని ఎంచుకోలేదు. మరాఠీలో అంతో ఇంతో చదవడం, రాయడం వచ్చిన గోండు యువకులను వెతికి పట్టుకుని వారినే ఉపాధ్యాయులుగా తయారు చేశారు. వాచకాలను గోండీ భాషలో, దేవనాగరి లిపిలో రాయించారు, ఎందుకంటే అప్పట్లో ఆ ప్రాంతంలో సంతల్లో, పత్రాల్లో మరాఠీ చలామణిలో ఉండేది. ఆ వాచకాల్లో పిల్లలకు తెలిసిన కథలే ఉన్నాయి. చదువు పూర్తి చేసిన వారిలో కొందరు ఊరి లెక్కలు రాసే పట్వారీలుగా, అటవీ శాఖ ఉద్యోగులుగా కూడా కుదిరారు. అంతవరకు తమను భయపెట్టిన కాగితం తమ వాడి చేతిలోనే ఉండడం గోండులకు ఎంత పెద్ద మార్పో ఊహించవచ్చు. నిజాం ప్రభుత్వ ఉద్యోగి సేతుమాధవరావు పగ్డీ వంటి వారు కూడా ఆ కాలంలో గోండీ నేర్చుకుని పనిచేశారు. ఇది ఒక్క విదేశీయుడి మంచితనంతో నడిచిన కథ కాదు. ప్రభుత్వమే కొంతకాలం పాటు తన పద్ధతిని మార్చుకున్న కథ.

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆదిలాబాద్ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది, బడులలో తెలుగు వచ్చింది. మరాఠీ, గోండీల మీద కట్టిన ఆ చదువు నిలదొక్కుకోవడానికి ఆధారం పోయింది. మైదాన ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు ఉపాధ్యాయులు ఆ స్థానంలోకి వచ్చారు. నేను కూడా ఆ వరుసలోని వాడినే. తెలుగు రావడం తప్పని నేను అనను, ఈ పిల్లలకు తెలుగు కావాలి, ఇంగ్లీషు కూడా కావాలి. కానీ ఇంటి భాష నుంచి బడి భాషకు దాటించే వంతెనను తీసివేసి, పిల్లలు వెనుకబడ్డారని ఆ తరువాత నివేదికలు రాయడం న్యాయం కాదు.

ఒకటో తరగతిలో చేరిన గోండు పిల్లవాడు మొదటి నెలల్లో మౌనంగా కూర్చోవడం ఇక్కడ పనిచేసే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. ఆ మౌనాన్ని మొద్దుతనంగా లెక్కగట్టి పిల్లలను వెనుక వరుసకు పంపిన గదులు నేను చూశాను. అదే పిల్లవాడు బడి వెనుక చెట్టు కింద తోటివారికి గోండీలో ఒక్క తప్పు లేకుండా ఆట నియమాలు వివరిస్తూ ఉంటాడు. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని 1956 నుంచీ చెబుతూనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండీ, కొలామీ, కోయ, సవర సహా 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది, తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. ఆ పుస్తకాలు పంచిన చోటల్లా ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయుడు కూడా ఉండి ఉంటే దాని ఫలితం మరోలా ఉండేది. పుస్తకాన్ని ముద్రించడం కన్నా మనిషిని నియమించడం కష్టమైన పని, అందుకే మొదటిది జరిగి రెండోది ఆగిపోతుంది. ఇంకా ఒక చిక్కు ఉంది. ఏజెన్సీ అంటే గోండీ ఒక్కటే కాదు. కొలాములది కొలామీ, పర్ధాన్‌లలో చాలా మంది ఇళ్లలో మరాఠీ, నాయకపోడుల ఇళ్లలో తెలుగు, తండాల్లో లంబాడీ. ఒకే బడిలో ఇవన్నీ కలుస్తాయి. గిరిజన భాష అని ఒకే గాటన కట్టి మాట్లాడే వారికి ఈ తేడా తెలియాలంటే ఒక్క పూట బడి వరండాలో నిలబడితే చాలు. నార్నూరు మండలంలోని గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల ద్వారా గోండీకి సొంత లిపి ఉందని వెలుగులోకి వచ్చింది, 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో స్థానం కూడా దక్కింది. ఆ సంగతి చెప్పినప్పుడు పెద్ద తరగతుల పిల్లల ముఖాల్లో కనిపించిన వెలుగును నేను మరే పాఠంలోనూ చూడలేదు.

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ జీవితాలను ఇబ్బంది పెడుతుంది. ఒకే ఇంటిపేరును ఒక ఉద్యోగి కుమ్రం అని, మరొకరు కొమరం అని, ఇంకొకరు కుమ్ర అని రాస్తారు. తండ్రి పట్టా పాసుపుస్తకంలో ఒక రూపం, పిల్లవాడి బడి రికార్డులో మరొక రూపం, ఆధార్‌లో మూడో రూపం. పదో తరగతి తరువాత కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళ్లినప్పుడు ఆ మూడూ కలవక కుటుంబం మండల కార్యాలయం చుట్టూ తిరుగుతుంది. ఈ తప్పు గోండులది కాదు. వారి నోట వచ్చిన పేరును తన చెవికి అలవాటైన రూపంలోకి మార్చి రాసుకున్న కలానిది. ఆత్రం, సిడాం, మెస్రం, కనక, పెందూర్, తొడసం, మర్సుకోల వంటి ఇంటిపేర్లు కేవలం పిలుపుకు పెట్టుకున్నవి కావు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అంటే వంశ సమూహాలుగా, గోండు సమాజం విభజించుకుని ఉంది. ఏ ఇంటిపేరు ఏ సగకు చెందుతుందో తెలిస్తే ఎవరు ఎవరికి అన్నదమ్ములవుతారో, ఎవరి మధ్య పెళ్లి కుదురుతుందో తెలుస్తుంది. ఒకే సగ వారు ఎన్ని ఊళ్ల దూరంలో ఉన్నా తోబుట్టువులే. అందువల్ల ఇంటిపేరును తప్పుగా రాయడం అక్షర దోషంతో ఆగదు.

పుట్టిన తేదీల మాట కూడా చెప్పాలి. బడి రిజిస్టర్లలో జూన్ నెల పుట్టిన తేదీలు ఇబ్బడిముబ్బడిగా ఉండడం దేశంలో చాలా చోట్ల కనిపించేదే. ఇంట్లో పుట్టిన బిడ్డకు కాగితం లేనప్పుడు, బడిలో చేర్చుకునే వారు తమకు వీలైన తేదీ వేసేస్తారు. కానీ తల్లికి తన బిడ్డ ఎప్పుడు పుట్టిందో తెలియక కాదు. ఆ జ్ఞాపకం వేరే క్యాలెండరులో భద్రంగా ఉంటుంది. దండారికి ముందా తరువాతా, సర్పదేవత నాగోబా జాతరకు కేస్లాపూర్ వెళ్లినప్పుడు బిడ్డ చంకలో ఉన్నాడా, ఇప్పపువ్వు రాలే కాలమా, జొన్న కోతకు వచ్చిందా అని అడిగితే నెల దాకా, ఒక్కోసారి వారం దాకా తేలుతుంది. ఈ ప్రశ్నలు అడగడానికి పట్టే సమయం పది నిమిషాలు. ఈ పద్ధతిని నాకు నేర్పింది శిక్షణ కేంద్రం కాదు, గూడెంలోని ఒక అంగన్‌వాడీ ఆయా.

సమావేశాల తీరులో తేడా ఇంకా లోతైనది. మనం ఒక తేదీ, ఒక గంట నిర్ణయించి, తల్లిదండ్రులను పిలిచి, విషయం చదివి వినిపించి, సంతకాలో వేలిముద్రలో తీసుకుని ముగిస్తాం. గోండు గూడెంలో ముఖ్యమైన మాట అలా తేలదు. ఊరి పెద్ద అయిన పటేల్, పూజారి అయిన దేవారి, పెద్దలు కూర్చుంటారు, చెప్పిన మాటను అందరూ ఇంటికి తీసుకువెళ్లి ఆలోచిస్తారు, మళ్లీ కూర్చుంటారు. కొన్ని ఊళ్లకు కలిపి రాయ్ సెంటర్లు అనే సంప్రదాయ పంచాయతీలు, వాటికి సార్మేడీలు అనే పెద్దలు ఉన్నారు. మొదటి సమావేశంలో ఎవరూ ఎదురు చెప్పలేదంటే ఒప్పుకున్నారని అర్థం కాదు, ఇంకా మాట్లాడుకోవలసి ఉందని అర్థం. టీకాల విషయంలోనైనా, ఆడపిల్లలను ఆశ్రమ పాఠశాలకు పంపే విషయంలోనైనా ఇలా రెండోసారి కూర్చోవడానికి సమయం ఇచ్చిన ఉద్యోగులకు పని నిలిచింది, ఇవ్వని వారికి వేలిముద్రలు మాత్రమే మిగిలాయి. 2024 నుంచి రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, తల్లులకు బాధ్యత ఇవ్వడం మంచిదే. అయితే గూడెం ఆడవాళ్లు పరాయి ఊరి పంతులు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడడం కన్నా, నీళ్ల బోరు దగ్గర ఒకరితో ఒకరు మాట్లాడుకున్న తరువాత తమలో ఒకరితో చెప్పించడం సులువని గ్రహించిన బడుల్లోనే ఆ కమిటీ నిజంగా పనిచేస్తోంది.

ప్రజలు తమ పద్ధతిలో తాము కూడే చోటే మాట తేలుతుందన్న సంగతి 1940ల అధికారులకు తెలుసు. మెస్రం వంశీయులు గోదావరి జలాన్ని కాలినడకన తెచ్చి పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబాను అభిషేకిస్తారు. ఆ జాతరకు అన్ని దిక్కుల నుంచీ గోండులు వస్తారు. ప్రజలను కచేరీకి రమ్మనకుండా, ప్రజలు తమంతట తాము కూడే చోటికే కచేరీని తీసుకువెళ్లాలని హైమన్‌డార్ఫ్ అక్కడ దర్బారును ప్రారంభింపజేశారు. ఆ దర్బారు నేటికీ జరుగుతోంది, కలెక్టరు, ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులు వచ్చి కూర్చుంటారు, అర్జీలు తీసుకుంటారు. అదే అర్జీని మరుసటి ఏడాది మళ్లీ తెచ్చిన వృద్ధులు కూడా అక్కడ కనబడతారు. రూపం నిలిచింది కాబట్టి దాని బలం కూడా తిరిగి రావాలని నేను మనసారా కోరుకుంటాను.

ఇక్కడికి కొత్తగా వచ్చే ఉద్యోగికి పండుగలతో పాటు గాయాలు కూడా తెలియాలి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 13 మంది; ఊళ్లలో చెప్పుకునే లెక్క అంతకు ఎన్నో రెట్లు. అక్కడ మరణించిన వారి స్మారక స్తూపం ముందు నుంచి బస్సులో రోజూ వెళ్లే ఉపాధ్యాయులలో దాని కథ అడిగి తెలుసుకున్న వారు తక్కువ. ప్రభుత్వం నుంచి వచ్చిన ఏ మనిషినైనా కొంతకాలం గమనించిన తరువాతే మాట కలిపే అలవాటు ఇక్కడి పెద్దలకు ఎందుకు ఉందో ఆ తేదీ తెలియకుండా అర్థం కాదు. అలాగే లంబాడాలను షెడ్యూల్డ్ తెగల జాబితా నుంచి తొలగించాలన్న డిమాండు మీద 2017 చివరలో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య ఉట్నూరు ప్రాంతంలో తలెత్తిన ఉద్రిక్తత బడుల దాకా వచ్చింది. రెండు వర్గాల పిల్లలూ పక్కపక్కన కూర్చునే గదిలో, రెండు వర్గాల ఉపాధ్యాయులూ కలిసి టీ తాగే స్టాఫ్ రూములో, తేలికగా విసిరిన ఒక్క వ్యాఖ్య ఎంత దూరం వెళుతుందో అప్పుడు చూశాం. ఎవరి కోరికలో ఎంత న్యాయం ఉందో తేల్చడం ఉపాధ్యాయుడి పని కాదు, రెండు వైపుల భయాన్నీ తెలుసుకుని పిల్లలను కాపాడడం అతని పని.

నిత్య జీవితంలో నేర్చుకోవలసినవి ఇంత బరువైనవి కావు, వాటికి శ్రద్ధ ఉంటే చాలు. గూడెంలోకి వెళ్లినప్పుడు రామ్ రామ్ అని పెద్దలందరినీ విడివిడిగా పలకరించాలి, ఒకరికి చెప్పి మిగిలిన వారిని దాటిపోకూడదు. కొత్త పంట దేవుడికి పెట్టకముందు తినని ఇళ్లలో దానిని కొనజూపడం, అడగడం బాగుండదు. దండారి సమయంలో గుస్సాడీ వేషం ధరించిన మనిషిని దీక్షలో ఉన్నవాడిగా చూడాలి. ఆ టోపీని సరదాకు తల మీద పెట్టుకుని ఫొటో దిగాలని అడిగే అతిథులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. మార్లవాయికే చెందిన కనక రాజుకు గుస్సాడీ నాట్యానికి గాను 2021లో పద్మశ్రీ ప్రకటించారు, ఆ గౌరవం ఒక ప్రదర్శనకు దక్కినది మాత్రమే కాదు, ఒక దీక్షకు దక్కినది. నాగోబా సన్నిధిలో తెల్ల చీరల్లో ముసుగు వేసుకుని వచ్చే మెస్రం కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ వేళ సెల్‌ఫోన్లు పైకి లేవడం ఈ మధ్య ఎక్కువైంది. అడిగి తీసే ఫొటోకు ఎవరూ అడ్డు చెప్పరు, అడగకుండా తీయడమే అభ్యంతరం.

ఇప్పపువ్వు మాట వచ్చినప్పుడు మైదానం వారికి సారా ఒక్కటే గుర్తుకు వస్తుంది. గోండు, కొలాము ఇళ్లలో అది ఆహారం. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం తయారు చేసే ఇప్పపువ్వు లడ్డూలను రక్తహీనత తగ్గించడానికి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఇస్తున్నారు. పోషకాహారం పేరుతో బయటి నుంచి తెచ్చిన పొడులను పిల్లలు పక్కన పెట్టిన సందర్భాలు తెలిసిన వాడిగా, ఈ లడ్డూలను వారు అడిగి తినడం నాకు ఎంతో తృప్తినిస్తుంది. ప్రభుత్వ పథకం గూడెం వంటింటి నుంచి మొదలైతే ఎలా ఉంటుందో దాని ద్వారా తెలుస్తోంది.

1998లో అమెరికాలో ఇద్దరు వైద్యులు ఒక మంచి వాదన చేశారు. ఎదుటి సంస్కృతిలో నైపుణ్యం సంపాదించామని పట్టా పుచ్చుకునే దృష్టి సరిపోదని, జీవితాంతం నేర్చుకునే వినయం కావాలని, దానితో పాటు సంస్థలు కూడా తమ అధికారాన్ని పరిశీలించుకోవాలని వారు అన్నారు. అందులో రెండో సగాన్ని మన శిక్షణ తరగతులు వదిలివేస్తాయి. ఉద్యోగి బదిలీ అయిపోతాడు, అతను సంపాదించిన అవగాహన కూడా అతనితో పాటే మైదానానికి దిగిపోతుంది. తరువాత వచ్చిన వారు మళ్లీ మొదటి నుంచి ప్రారంభిస్తారు, గూడెం కూడా మరొక కొత్త మనిషికి అంతా మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వస్తుంది. ఈ భారం ఎప్పుడూ గోండుల మీదే పడుతోంది.

అందుకే నేను కోరేవి వ్యక్తుల మంచితనం మీద ఆధారపడనివి. ఏజెన్సీ బడులకు దసరా సెలవుల్లో కొన్ని రోజులను తగ్గించి దండారి చివరి రోజులకు మార్చవచ్చు, మొత్తం పనిదినాలు ఏమీ తగ్గవు. మెస్రం కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో స్థానిక సెలవులను పుష్య అమావాస్య చుట్టూ పెట్టుకోవచ్చు. ఒకటి, రెండు తరగతులు ఉన్న ప్రతి బడిలో పిల్లల ఇంటి భాష మాట్లాడే ఒక మనిషి ఉండాలి; డిగ్రీలు చదివి ఇంటి దగ్గరే ఉన్న గోండు, కొలాము యువతీ యువకులు ఇప్పుడు ఊరూరా ఉన్నారు, 1943లో లాగా వెతికి పట్టుకోవలసిన అవసరం కూడా లేదు. బడిలో చేర్చుకునే రోజున ఇంటిపేరును తండ్రి పట్టాతో పోల్చి, పటేల్‌తో చదివించి, ఆ తరువాతే రిజిస్టరులో ఎక్కించాలి. ఈ మాటలు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే మా కాంప్లెక్స్ సమావేశంలో చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. సార్మేడీలతో కూర్చుని వచ్చే ఏడాది తేదీలు ఖరారు చేసుకుంటే, జూన్ 12న బడులు తెరిచే నాటికి కొత్త క్యాలెండరు గోడ మీద ఉంటుంది.